పద్నాలుగు పాయింట్ రెండు

నాలుగేళ్ళ కిందట రాశాను ఆ క్లాసు.
కాశీబుగ్గలో, జీడి ఫ్యాక్టరీ వెనక సందులో
అద్దె గది. గోడలక్కూడా జీడి పొగ వాసన.
పేరు కోసం పెద్దగా ఆలోచించలేదు:
జల్లెడ.

మొదట పిక్కల వ్యాపారి బిల్లుల కోసం.
బస్తా బరువు సున్నా కాకూడదు,
పేరు ఖాళీగా ఉంటే చెల్లదు,
ఫోన్ నంబరుకి పది అంకెలుండాలి.
తర్వాత కొబ్బరి మండీ. తర్వాత స్కూలు ఫీజులు.
ప్రతిసారీ కొత్తగా రాసిందేమీ లేదు
అదే జల్లెడ పట్టుకెళ్ళి
ఇంకో గుమ్మానికి తగిలించి వచ్చాను.
ఒక్కసారి రాసిన షరతు వందచోట్ల కాపలా కాస్తుంటే
పడుకుని జీతం తీసుకున్నంత సుఖం.

అమ్మకి చెబితే నవ్వింది.
పదేళ్ళు పిక్కలు కొట్టి వేళ్ళు నల్లబడ్డాక
పప్పు ఏరే పనిలోకి మారిన మనిషి.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క.
ఏ కుప్పకీ చెందనిది చేతికొస్తే మాత్రం
కిటికీ వైపు పట్టి ఇటూ అటూ తిప్పుతుంది.
"నీ జల్లెడకి కళ్ళున్నాయేటి?"
"అక్కర్లేదమ్మా, రూలుంది."

నిరుడు వానాకాలం
కవిటి దారిలో డయాలసిస్ సెంటరు వాళ్ళు పిలిచారు.
పేషెంటు అని ఒక క్లాసు, రక్తపరీక్ష అని ఇంకొకటి,
రెండూ జల్లెడ కడుపునే పుట్టాయి.
క్రియాటినిన్‌కి పై హద్దు ఎంత?
ఎక్కడో చూసి పది అని రాశాను.
పది దాటితే అది టైపింగ్ తప్పే అనుకున్నాను.
నిజంగా అనుకున్నానా? గుర్తులేదు.
సాయంత్రానికి పని తెమలాలి, అంతే.

మొదటి రోజే ఊర్వశి సిస్టర్ ఫోను:
"మీ కంప్యూటరు ఈయన్ని ఒప్పుకోడం లేదు."

వెళ్ళాను.
బైరి ఢిల్లేశ్వర్రావు. కొబ్బరి చెట్లెక్కే మనిషి.
పద్నాలుగు పాయింట్ రెండు.
తెర మీద ఎర్రగా: సరైన విలువ ఇవ్వండి.
సిస్టర్ మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎరుపు.
గొంతు తగ్గించి అడిగింది, "పోనీ, తొమ్మిదని వేసేద్దునా?"

మోచేతి దగ్గర ఉబ్బిన నరాన్ని నిమురుకుంటూ
ఆయనన్నాడు:
"ఏటమ్మా, నా రగతం అబద్ధమాడతందేటి?"

ఆయన పుట్టినతేదీ చూశాను. జూలై ఒకటి.
పక్క మంచం ఆయనదీ జూలై ఒకటి.
ఆ పక్కావిడదీ.
బళ్ళో వేసిన రోజు మేష్టారికి తోచిన తేదీ.
రోజు సరే, నెల సరే, ఏడాది సరే.
నా జల్లెడ ఒక్కదాన్నీ ఆపలేదు.
ఆకారం బాగున్న అబద్ధాలన్నీ వరసగా లోపలికి నడిచి
కుర్చీలేసుకుని కూర్చున్నాయి.
గుమ్మం బయట నిలబడిపోయింది
ఒక్క నిజం.

అక్కడే స్టూలు మీద లాప్‌టాప్ తెరిచాను.
మిషన్లు తిరుగుతున్న చప్పుడు.
తల్లి జోలికి పోలేదు, మండీలో, బళ్ళో
దానికి ఇంకా పనుంది.
తల్లికి తెలిసిన మాట ఒక్కటే: కుదరదు.
పిల్లకి, రక్తాన్ని చూసే ఆ ఒక్క పిల్లకి
దాని మీదుగా వేరే మాట నేర్పాను:
ఇంత ఉందా? ఇంకోసారి చూశారా?
అయితే రాసుకుంటున్నాను.
డాక్టరు గారికి ఇప్పుడే చెబుతున్నాను.

ఏడు లైన్లు. అమ్మ కిటికీ వైపు తిరిగినంత సేపు.

పద్నాలుగు పాయింట్ రెండు లోపలికెళ్ళింది.
ఎరుపు పోయింది.
సిస్టర్ హమ్మయ్య అనుకుంది.
ఢిల్లేశ్వర్రావు మెడ చాపి తెర వైపు చూశాడు.
"ఇప్పుడు బాగైపోనాదేటమ్మా?"

అయిపోయిందన్నాను,
కంప్యూటరు గురించే అడిగాడనుకుని.