బెత్తెడు

రాతికి నా జీపు తెలుసు.
డిండి దాటినంక ఈదులగుట్ట తండాకు ఎక్కే బాటల
మూడో మలుపు కాడ, తాబేలు వీపు లెక్క లేచిన రాయి.
పన్నెండేండ్లు నా బండి కింద గుండు దాన్ని గీకింది.
రాతి మీద తెల్లటి చారలు,
చారల్ల ఇంకిన గేరాయిలు.
చీకట్ల ఆ గీకుడు ఇనపడంగనే
ఆడోళ్లు సీతాఫలం గంపలు గట్టిగ పట్టుకునేటోళ్లు,
మూడో మలుపు ఒచ్చిందని.

పోయిన దసరా ముంగట గుండు పగిలింది.
ఆయిలంత బాట తాగింది.
నలభై గంపల ఫలం ఎండల మెత్తబడి
చీమలకు పండుగైంది.

దేవరకొండల మక్బూల్ భాయ్ బండి కింద పండి సూసిండు.
"పట్టీలు ఎన్ని ఏస్తే ఏంది, బాడీ లేస్తది, గుండు ఆడనే ఉంటది.
ఇరుసునే పైకి జరపాలె."
నేల మీద సుద్దతోని గీసిండు:
చక్రం నడుమ కంటె పైన ఇరుసు,
ఇరుసు కొసకు ఒక డబ్బ,
డబ్బల ఒకదాని మీద ఒకటి రెండు గేర్లు.
"పోర్టల్ యాక్సిల్ అంటరు.
పండ్లు మోయనీకె పండ్లు గావాలె, గట్టి పండ్లు."
నాకైతే
వాగుల దిగేటప్పుడు పేట్యా ఎత్తి పట్టుకునే
మా యాడి కనపడ్డది.

మూడు నెలలు తిరిగిన.
జడ్చర్లల ఒకడు ట్రాక్టర్ సామానుకు పచ్చరంగేసి మిలిటరీదన్నడు.
మక్బూల్ గోరుతోని గీకిండు, అడుగున ఎరుపు.
ఇంకొకడు ఫోన్ల ఫోటో సూపి అడ్వాన్స్ అడిగిండు,
ఫోటోల నేలంత మంచు.
ఆఖరికి సికింద్రాబాద్ అవతల
వేలంల కొన్నాయన గోదాంల, కోళ్ల గంపల కింద
నాలుగు డబ్బలు, ఒక్కోటి ఇద్దరు లేపే బరువు.
ఏ దేశం బండివో ఆయనకు తెల్వదు.
మక్బూల్ మూతలిప్పి
తస్బీ తిప్పినట్టు గేరు పండ్లు లెక్కవెట్టిండు.
మూడో డబ్బల ఒక పన్ను సగం లేదు.
నోరు తెరవలే,
ఆ పన్ను మీద వేలు పెట్టి ఊకున్నడు.
ధర అదే దిగింది.

రెండు బర్లు అమ్మిన.
"పాలిచ్చేదాన్ని ఇచ్చి ఇనుము తెస్తవా," అన్నది సోనీబాయి.
జవాబు నాకాడ గూడ లేకుండె.

జంగయ్య లేతు మీద పదకొండు దినాలు.
ఇరిగిన పంటికి వెల్డింగు, ఆకురాయి, మల్ల వెల్డింగు.
బ్రేకు పైపులు పొట్టిగైనయి,
స్టీరింగు రాడ్డు గుండుకు తాకబట్టె.
అన్ని సరిచేసి, కొబ్బరికాయ కొట్టి
ఫస్ట్ గేరేసి క్లచ్చి ఇడిసిన.

బండి ఎనక్కి పోయింది.

ఛాయ్ బెంచి మీదోళ్లు గ్లాసులతోనే ఉరికిరి.
మక్బూల్ తలకాయ పట్టుకున్నడు:
రెండు గేర్లు ఎదురెదురు కలిస్తే
ఒకటి అటు, ఒకటి ఇటు.
ముప్ఫై ఏండ్ల మేస్త్రీ, గింత మరిచిండు.
ఇప్పుడు నాకు ఎనక్కి నాలుగు గేర్లు, ముంగటికి ఒక్కటి.
జంగయ్య నవ్వి నవ్వి స్టూలు మీదికెల్లి పడ్డడు.

మల్ల ఇప్పిండ్రు.
రెండు ఇరుసులను బోర్లేసి బిగించిండ్రు.
ఆయిలు పోసే బొక్క అడుగుకు పోయింది,
పైన కొత్తది కొట్టిండ్రు.

మొదటి పంట దించెటప్పుడు ఇంక తెల్లారలే.
ఎనక పదకొండు మంది, యాభై గంపలు.
మలుపు తిరిగిన. సప్పుడు లేదు.
గంపలు పట్టుకునేటందుకు చేతులు లేపి
అట్లనే ఆగినయి.
"రాయి ఏడికి పోయింది?" అన్నది ముసలి జాలీబాయి.

దిగి టార్చి కొట్టిన.
రాయి ఉంది. చారలున్నయి.
గుండుకు రాతికి నడుమ చెయ్యి దూర్చిన.
బెత్తెడు.
రాయి సల్లగుంది,
గుండు నా చెయ్యంత ఎచ్చగుంది.

ఎక్కి కూసోని ఒక్కసారి హారన్ కొట్టిన.
మూడో మలుపని
వాళ్లకు తెల్వాలె గద.