పొట్టి ఎ

నా సంచిల ఒక డ్రిల్లు, రెండువందల మీటర్ల తీగ,
ఎర్రలైటు పచ్చలైటు ఉన్న తెల్లడబ్బాలు నాలుగు.
అంకీసా నుంచి అసరెల్లి దాకా
ఏ గోడ మట్టిదో, ఏది ఇటుకదో
తట్టకుండనే చెప్త.
ఇంటింటికి నెట్టు, నెలకు నాలుగువందలు.
సర్కారు మూడువందలు కడుతది,
మిగిలిన వంద ఇంటోళ్ళది.
పసుపు రేషన్‌కార్డు ఉండాలె,
ఆమ్దానీ దాఖలా ఉండాలె,
పేరు అన్ని కాగితాల్ల ఒక్క తీరుగ ఉండాలె.

చివరిది చదివేటప్పుడు
గొంతు కొంచెం తగ్గిస్త.

జాడి ఎల్లుబాయి
తునికాకు కట్ట కట్టేటప్పుడు
డెబ్బై ఆకులు చూడకుండ లెక్కపెడతది.
ఒక్కటి తగ్గినా వేలికే తెలుస్తదట.
ఆధార్ల ఆమె యేలుబాయి.
రేషన్‌కార్డుల యల్లుబాయి.
బ్యాంకు బుక్కుల, ఏ పుణ్యాత్ముడు రాసిండో, ఐలాబాయి.
ముగ్గురు ఆడోళ్ళు ఒక్క గుడిసెల ఉంటున్నరు,
ముగ్గురికీ ఒకటే చాప.
సర్కారుకు మాత్రం
ముగ్గురిల ఎవరూ దొరకలే.

సేతు కేంద్రంల నాలుగుసార్లు నిలబడ్డది.
పిలగాడు మంచోడే, చంద్రపూర్ నుంచి వచ్చినోడు.
"ఆజీ, పేరు సరిగ్గ చెప్పు" అన్నడు.
చెప్పింది.
ఇంకోసారి అన్నడు.
చెప్పింది.
అరవై ఏండ్లసంది పలుకుతున్న పేరే.
వాని చెవుల పడ్డది, వేళ్ళ కింద దొరకలే.
మన ఎకు ఆ రాతల జాగ లేదు.
ఉన్నది దీర్ఘమే, సాగదీసుకోవాలె,
లేకుంటే పక్క అక్షరం పంచల తలదాచుకోవాలె.

గోదారి అవతలి టవరు
ఎవరి పేరూ అడగదు.
పొద్దుమూకి గాలి ఇటు తిరిగితే
రెండు గీతలు ఈదుకుంట వస్తయి,
ఫోను తెలంగాణకు స్వాగతం అంటది.
మేము ఇవతలి గట్టు మీదనే, కాళ్ళు తడవకుండ.
ఎల్లుబాయి మనుమరాలు సునంద
పదో తరగతి లెక్కల పాఠం
ఆ గట్టు మీద సగం చూసొస్తది.
మిగిలిన సగం ఒడ్డెక్కదు.

మంజూరు వస్తదనుకొని
శ్రావణంలనే గోడకు కన్నం చేసిన.
తొందర నాదే.
పది డబ్బాలు పెడితే నాకు కమీషను, అబద్ధమెందుకు.
మంజూరు రాలే.
ఆ కన్నంల నుంచి తేలు వస్తదని
పాత రైక పేలిక కుక్కింది ఎల్లుబాయి.
నన్ను తిట్టలే. చాయ పోసింది.
తిడితే బాగుండు.

నిన్న కొత్త ఫారం పట్టుకపోయిన.
సునంద అడిగింది,
"మామా, అవ్వ పేరు తెలుగుల ఎట్ల రాస్తరు?"
దానికి రాదు, బడి మరాఠీది.
నాకూ బడి నేర్పలే.
అవతలి నుంచి పడవల వచ్చే
యూరియా బస్తాల మీద చూసి చూసి నేర్చుకున్న.
నా అక్షరాలకు ఇంకా ఆ వాసనే.

డ్రిల్లు గుర్తు పెట్టే పెన్సిలు తీసి
కన్నం పక్కన, సున్నం మీద
ఎ అని రాసిన.
"గింతేనా?" దగ్గరికొచ్చి అన్నది ఎల్లుబాయి.
గింతే.
వేలు పెట్టి తడిమింది,
కట్టల ఆకు తగ్గిందేమో చూసినట్టు.

ఫారంల మటుకు మళ్ళ
యేలుబాయి అనే నింపిన.
ఆధార్ల అట్లనే ఉన్నది కద.
బొటనవేలు ఆకులకు అరిగింది,
మిషను రెండుసార్లు వద్దన్నది,
మూడోసారి, ఏమనుకున్నదో, తీసుకున్నది.

ఈ నెల మూడు డబ్బాలు గోడలెక్కినయి.
నాలుగోది ఇంకా సంచిలనే.
దాని అట్ట మీద పెన్సిలుతోని
ఎల్లుబాయి అని రాసి పెట్టిన.