నలభై మూడోది

గవర్నర్‌పేట మూడో అంతస్తు నుంచి
రాత్రి పదకొండింటికి కొత్త వెర్షన్ వదిలాను.
తెర మీద నలభై మూడు చుక్కలు:
గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు,
బెజవాడ గొడౌన్లు, ఆటోనగర్ కాటా.
ఒక్కోటీ బూడిద రంగు వదిలి పచ్చబడుతుంటే
నీళ్లు పారిన మడిని చూసినట్టు
టీ చల్లారేదాకా చూశాను.

తెల్లారేసరికి నలభై రెండు.
ఏటుకూరు రోడ్డుది ఒక్కటే ఎర్రగా.

పింగ్ చేస్తే పలుకుతుంది,
అంటే ఊపిరుంది.
పని చెప్పబోతే మొహం తిప్పుకుంటుంది.
లాగ్ తెరిస్తే మూడు వందల సార్లు ఒకటే ఫిర్యాదు:
ఈ సర్టిఫికెట్‌కి ఇంకా చెల్లుబాటు మొదలవలేదు.
ఏజెంట్‌ని పీకి మళ్లీ నాటాను.
ఫైర్‌వాల్‌ని అనరాని మాటలన్నాను.
హైదరాబాదు నుంచి వినీల మేడమ్
"సైటుకెళ్లు" అని ఒక్క ముక్క పంపారు.

గుంటూరు వచ్చిందని
బోర్డు కంటే ముందు ముక్కు చెబుతుంది.
మిరప టిక్కీల మధ్య సందులోంచి
తుమ్ముకుంటూ వెళ్తే
వెనక నుంచి చలి, ముందు నుంచి ఘాటు,
మధ్యలో అద్దాల గది,
అందులో గుమాస్తా నాగుల్ మీరా.

మానిటర్ మీది తువ్వాలు తీశాడు.
మూలన తేదీ చూశాను:
రెండు వేల పన్నెండు, జనవరి ఒకటి, ఆదివారం.

కరెంటు మీద అతనికి నమ్మకం లేదు.
రోజూ రాత్రి స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి,
వైరు చుట్టచుట్టి మరీ తాళం వేస్తాడు.
లోపల గడియారాన్ని నడిపే
రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.
అందుకని ఈ పెట్టె ప్రతి ఉదయం
అదే ఆదివారంలో నిద్రలేస్తుంది.
పాత వెర్షన్ తేదీ అడిగేది కాదు.
కొత్తది అడిగింది.

"ఎన్నాళ్లుగా ఇట్లా?"
"పోయిన సీజను నుంచి సార్.
ఫోన్ చేస్తే మీవాళ్లు రీస్టార్ట్ చెయ్యమన్నారు.
రోజూ చేస్తూనే ఉన్నా."

ఆ మాట చెప్పింది నేనే.
గొంతు గుర్తుపట్టలేదో,
పట్టీ ఊరుకున్నాడో.

సొరుగు నిండా రసీదుల నకళ్లు.
తేజ, అరవై టిక్కీలు, ఆదివారం.
బాడిగ, పద్దెనిమిది, ఆదివారం.
ప్రతి ఆదివారం మీదా నీలం సిరాతో ఒక అడ్డగీత,
పక్కన అసలు తేదీ, కింద సంతకం.
ఏడాది పొడుగునా
ఒక మనిషి పెన్నుతో కాలాన్ని నెట్టుకొచ్చాడు.

లాలాపేటలో వాచీల కొట్టు, ముప్పై రూపాయలు.
నాలుగు స్క్రూలు, గోటితో ఒక నొక్కు.
పెట్టె ఒక్క గంతులో పద్నాలుగేళ్లు దాటింది.
గవర్నర్‌పేటలో చుక్క పచ్చబడిందని
ఫోను జేబులో వణికి చెప్పింది.

అప్పుడే ప్రత్తిపాడు నుంచి ఏసోబు వచ్చాడు,
కౌలు చేను, ముప్పై ఒక్క టిక్కీలు.
రసీదు శుభ్రంగా, ఇవాళ్టి తేదీతో వచ్చింది.
దాన్ని తిప్పి చూశాడు, వెలుతురుకి పెట్టి చూశాడు.
"గీత ఏది?"
"ఇక అక్కర్లేదు ఏసోబూ, మెషీన్ బాగైంది."
"నువ్వు కొట్టేసి రాస్తే
నువ్వు చూసి రాశావని తెలిసేది.
ఇప్పుడిది ఎవరు రాసినట్టు?"

నాగుల్ మీరా నా వంక చూశాడు.
నేను కేబుల్ వంక చూశాను.
అతను పెన్ను మూత తీసి
సరిగ్గా ఉన్న తేదీని కొట్టేసి
పక్కన అదే తేదీ రాసి
సంతకం పెట్టాడు.
ఏసోబు రసీదు మడిచి బనీను జేబులో పెట్టుకున్నాడు.

టికెట్ మూసే ముందు మూలకారణం అడుగుతుంది.
బ్యాటరీ అని కొట్టాను.
ముప్పై రూపాయల బిల్లు ఫొటో తియ్యబోతే
వాచీల కొట్టాయన తేదీ వెయ్యలేదు.

నాగుల్ మీరా పెన్ను అడిగి తీసుకున్నాను.