ఆవం మూసిన రాత్రి

మా ఆయన అంబ్రోసి
తన చేతుల్నే నమ్ముకున్న మనిషి.
ఇమెరెతి కొండల కింద మట్టి తవ్వి తెచ్చి
రోజుకు బెత్తెడు చొప్పున
రెండు నెలలు చుట్టూ తిరుగుతూ కట్టే ద్రాక్షారసపు కాగు
చివరికి ఆయనకంటే పొడుగవుతుంది.
ఎక్కువ కడితే తడిమట్టి కుంగుతుంది,
ఆలస్యమైతే అంచు ఎండిపోతుంది.
ఆ బెత్తెడు ఆయన బొటనవేలికి తెలుసు.

నిప్పుకు మాత్రం ఆయన బొటనవేలు తెలియదు.

ఆరు కాగుల్నీ ఆవంలో నిలబెట్టి
వాకిలి ఇటుకలతో పూడ్చి, కింద మంట రాజేశాక
వారం రోజులు కట్టెలు ఎగదోయడం ఆయన పని.
ఆ తర్వాత ఆ కాస్త పనీ ఉండదు.
అయినా పడుకోడు.
వేడిగోడ పక్కన చెవి రిక్కించి కూచుంటాడు,
దిగులు కూడా ఒక కట్టెపేడైనట్టు
లోపలికి ఎగదోస్తూ.

నిరుడు మూడు పగిలాయి.
ఒక సగంచెక్కలో ఇప్పుడు మా కోడి పొదుగుతోంది.
"ఎక్కడ తప్పు చేశాను?" అని
ఏడాదంతా మట్టినే అడిగాడు.
జల్లెడ మార్చాడు, ఇసుక పాలు మార్చాడు,
కట్టెల్ని తక్కెట్లో తూచాడు.
నన్నడగలేదు. అడిగితే మాత్రం నాకేం తెలుసు?
మా అత్త దారెజాన్ అన్న మాట ఒక్కటి తప్ప:
"చేయగలిగిందంతా చెయ్యి.
చేసి, పట్టుకుని నిలబడకు. ఇచ్చెయ్యి."
ఎవరికో చెప్పలేదు.
పటం ముందు దీపం వత్తి సవరిస్తూ అంది.

ఈసారి, ఏడో రాత్రి,
మంటనోటి మీద చివరి ఇటుక పెట్టి, మట్టి మెత్తి
ఖాళీ చేతుల్ని చాలాసేపు చూసుకున్నాడు.
కమిలిన గోళ్ళు, మడమల్లా నెర్రెలిచ్చిన అరచేతులు.
వాటినెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు
గుండెల మీద శిలువ గీసుకున్నాడు,
కొత్తచొక్కాకి బొత్తాలు వెతుక్కునే కుర్రాడిలా.
"ఇక నీది" అన్నాడు.
నాతో కాదు.

వచ్చి పడుకున్నాడు.
బూట్లు కూడా విప్పలేదు.
ముప్పై ఏళ్ళ కాపురంలో
ఆవం వేడిగా ఉండగా ఆయన గురక వినడం
నాకిదే మొదలు.

నాకే నిద్ర రాలేదు. బయటికెళ్ళాను.
మంచు పడుతోంది. గోడ మీద పడ్డది పడ్డట్టే కరిగిపోతోంది.
చల్లారాక ఇటుకలు విప్పి
వేలికణుపుతో తడితే
గంటల్లా మోగుతాయో,
కోళ్ళకి ఇంకో ఇల్లు దొరుకుతుందో.

ఆ మనిషి మాత్రం లోపల,
మెడదాకా నిండి మూత పడిన కాగులా,
తొణక్కుండా ఉన్నాడు.