మూడో గడి

మంగఫ్‌లో మూడో అంతస్తు ఫ్లాటు.
చప్పుడు బయటికి పోకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి
శుక్రవారం పొద్దున్నే ఆరాధన.
ప్రవచనాల పద్దు నాది.
టైర్ల కొట్లో లెక్కలు రాసే చెయ్యి కదా, నమ్మి అప్పగించారు.
ఏ మాటనైనా తూచి తీసుకోవాలంటారు పాస్టరు గారు.
పొడుగు పుస్తకం, మూడు గడులు:
తేదీ. పలికిన మాట. నెరవేరిందా.

దేశం నుంచి వచ్చే ప్రవక్తలు
తెల్ల సూటు మీద అత్తరు వాసనతో
ప్రభువు సెలవిస్తున్నాడని మొదలుపెట్టేవారు.
నీకు రిలీజు. నీకు కొడుకు.
నీకు రెండంతస్తుల మేడ, మెట్లు పాలరాయి.
అన్నీ రాశాను.
మెట్లతో సహా మేడలన్నీ రెండో గడిలోనే ఆగిపోయాయి.

ఓబులమ్మ చెప్పుల దగ్గర కూర్చునేది.
రైల్వే కోడూరు మనిషి.
బాప్తిస్మంలో లూదియ అని పెట్టారు గానీ
ఆ పేరున పిలిస్తే పలకడం మరిచిపోయేది.
మేడంకు దయ కలిగిన శుక్రవారం వచ్చేది,
చేతులు బ్లీచింగు వాసన.

ఆ రోజు పాట అయ్యాక లేచింది.
ఊగలేదు. అన్యభాషలు లేవు.
పక్కింట్లో చింతపండు అడిగినంత మెల్లగా:
"జహ్రాలో ఒక పిల్ల మూడు దినాలుగా మెట్ల కింద పండుకుంటాండాది.
కూడు లేదు. ఫోను జేస్తే ఎత్తరు.
ఆ పిల్ల ఎరికైనోళ్లు ఈడ ఉండారు.
లెయ్యమంటాండాడు దేవుడు."

ఎవరూ లేవలేదు.
ఎవరో ఆమెన్ అన్నారు, అలవాటుకొద్దీ.
నేను తేదీ వేశాను.
"పిల్ల" అన్నచోట కలం ఆగింది.

పేరు కుసుమ. మొగల్తూరు అవతల, మా పక్క ఊరే.
వీసా కుదిర్చింది నేను.
నలభై దినార్లు నా వాటా.
అందులో నాలుగు దశమభాగం కవర్లో వేశాను,
ఫిల్సు తేడా లేకుండా.
మంగళవారం నుంచి ఆమె నంబరు నా ఫోన్లో మోగదు,
మోగకుండా నొక్కిన వేలు ఇదే, కలం పట్టిన వేలు.

కూటం విడిచాక లిఫ్టు దగ్గర అడిగాను.
"దర్శనమా అక్కా? కలా?"
"కలేందన్నా.
చెత్తడబ్బా కాడ పక్కింటి సిలోన్ పిల్ల చెప్పింది.
దానికి ఇంకో పిల్ల చెప్పిందంట.
మా అసుంటోళ్లకు ఆడనే గదా టపా."
"మరి దేవుడన్నావు?"
"సంగతి చెప్పింది ఆ పిల్ల.
నన్ను కూకోనీకుండా చేసింది ఆయన.
కాళ్లు ఎట్ల వణికినాయో నీకేం తెలుసు."

నా మొహం చూడలేదు.
ఒక చెప్పు దొరికింది, రెండోది వెతుకుతోంది.
కింద మేడం డ్రైవరు హారను.

రాత్రి నంబరు తెరిచాను.
మొదటి మోతకే ఎత్తింది.
హలో అనలేదు. ఊపిరి వినబడింది,
వెనక ఏదో నీళ్ల మోటారు.
టాక్సీలో వెళ్లాను జహ్రాకి. ఎంబసీ షెల్టరు దాకా
వెనక సీట్లో ఆమె ఒక్క మాట అడగలేదు.
అడిగితే బావుండేది.

పుస్తకం ఇంకా నా దగ్గరే.
ఆ తేదీ ఎదురుగా మూడో గడి ఖాళీ.
రాస్తే చదివి వినిపించాలి, ఎలా నెరవేరిందో చెప్పాలి.
ముప్పై ఆరు దినార్లు కవర్లో పెట్టి ఉంచాను, ఆమెకివ్వడానికి.
మిగతా నాలుగూ దేవుడి దగ్గరున్నాయి.
ఆయన్ని ఏమని అడగను?