మూడో ఇంటి దాకా

మా బగ్గీ మూలుగు మూడో ఇంటి దాకా వినబడేది.
గతుకు దగ్గర ఒకటి,
జీడిమామిడి తోపు మలుపులో ఒకటి,
ఇసుక తగిలాక ఇక లెక్కే లేదు.
"లిండాల్వా వస్తోంది" అని
కొట్లో జుల్మీరా పొయ్యి మీద పెనం పెట్టేది.
నేను దిగేసరికి
కర్రపెండలం అట్టు, దాని మీద కొబ్బరి కోరు.

నటాల్‌కి ఉత్తరాన
ఉప్పు చల్లడం తప్ప గాలికి వేరే పని లేని ఊరు మాది.
పన్నెండేళ్ళ కింద
నేనూ మా పెదనాన్న కొడుకు జెనిల్సనూ
తుక్కులో దొరికిన ఫూస్కా కారు అడుగు తెచ్చి
పడవలకి వేసే ఫైబరుతో ఒళ్ళు పోసి
కట్టిన బండి ఇది.
డ్రాయింగు లేదు. సుద్దముక్కతో గచ్చు మీద గీసిందే.
సగం పనయ్యాక వాన దాన్ని చెరిపేసింది.
మిగతా సగం అందుకే
కొంచెం ఎడమకి ఉంటుంది.

ముందు చక్రాల్ని మోసేవి రెండు అడ్డగొట్టాలు,
ఒకదాని మీద ఒకటి.
వాటిలో నాలుగు బుష్షులు,
పసిపిల్ల చేతి కడియాలంత.
కనబడవు, ఎవరూ వాటి బాగోగులు అడగరు.
అరిగాయా, స్టీరింగు
తాగినవాడి మాటైపోతుంది.

శనివారం మధ్యాహ్నం బండిని దుంగల మీదికెత్తాం.
చక్రాలు విప్పాం, వాటి చేతులు విప్పాం,
ఇక మిగిలింది స్ప్రింగు పట్టీలు,
గొట్టం లోపల చీపురుకట్టలా బిగుసుకుని.
చెదిరితే మళ్ళీ పేర్చడం ఎవడి తరమూ కాదని
జెనిల్సన్ వలదారంతో చుట్టి చుట్టి
అప్పుడు లాగాడు.
పుట్టలోంచి పాము వచ్చినట్టే వచ్చింది,
నల్లగా, జిడ్డుగా, తొందర లేకుండా.

పాత బుష్షులు వేలితో తోస్తే ఊడాయి.
గుండ్రంగా పుట్టినవి
కోడిగుడ్లై బయటపడ్డాయి.

కొత్తవి ఓస్మీడియో లేతు మీద తీశాడు,
మునిగిన రొయ్యల పడవ కంచులోంచి.
"ఇన్నాళ్ళూ నీళ్ళలో తిరిగింది,
ఇసుకలో ఏం చేస్తుందో చూద్దాం" అన్నాడు ముసలాయన.
ఐదు చేతిలో పెట్టి
నాలుగింటికే డబ్బులు పుచ్చుకున్నాడు.

వెంట్రుకవాసి ఎక్కువ.
మొదటిది సగం వెళ్ళి అడ్డం తిరిగింది.
కొట్టాను.
చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టాను.
చెక్క తీసేసి కొట్టాను.
అంచు పువ్వులా విచ్చుకుంది.
ఏడుపొచ్చింది నాకు, ఒక కడియం కోసం,
యాభై మూడేళ్ళ దాన్ని.
ఐదోది ఎందుకిచ్చాడో అప్పుడు తెలిసింది.

మిగిలిన నాలుగూ
జుల్మీరా ఐసుపెట్టెలో పడుకున్నాయి ఆ రాత్రి,
వంజరం ముక్కల మధ్య, ఒక సంచిలో.
"అమ్మకానికి కాదు" అని దాని మీద రాసిపెట్టింది.

తెల్లవారుజామున గొట్టానికి మంట చూపించి
వేలికి అంటుకుంటున్న కంచుని
నోటి దగ్గర పెట్టి
సుత్తితో ఒక్కసారి, మెల్లగా, తట్టాను.
జారిపోయింది.
రాత్రంతా అలిగి, పొద్దున్నే
తనే తలుపు తీసుకుని లోపలికొచ్చిన మనిషిలా.
రెండోదీ అంతే. మూడోది కాస్త గొణిగింది.
నాలుగోదానికి జెనిల్సన్ ఊపిరి బిగబట్టాడు,
నేను చూడలేదనుకున్నాడు.

గ్రీజు నిండా పట్టించి, బిగించి
ఎండ ముదరకముందే దిబ్బల మీదికి పోయాం.
ఎక్కాం. దిగాం. అడ్డంగా కోశాం.
మూలుగు లేదు.
డబ్బాలో పానా దొర్లడం వినబడింది.
అద్దానికి ఇసుక తగలడం వినబడింది.
పక్క సీట్లో జెనిల్సన్
పళ్ళ సందుల్లోంచి సన్నగా ఈల వేస్తున్నాడు.
వీడికి ఈల వచ్చని
పన్నెండేళ్ళలో నాకు తెలియదు.

కొట్టు ముందు ఆపితే పెనం చల్లగా ఉంది.
జుల్మీరా ఉలిక్కిపడి లేచింది:
"దొంగలా ఇదేం రావడం?
ముందే తెలిసేది నాకు. ఇప్పుడెలా?"

"హారను కొడతాలే."

"హారను అందరూ కొడతారు."

అట్టు కాలేదాకా నిలబడ్డాం,
చేతుల్నిండా గ్రీజూ చేపల వాసనా.
ఉప్పుగాలి తన పని తాను చేసుకుంటోంది,
కంచు దాకా పోవడానికి
దానికి ఎన్నేళ్ళు పడుతుందో.