మూజువాణి

గాలికుంటు టీకాల రిజిస్టరు ఒకటి
రిటైరైన రోజు సంచిలో పడి నాతో ఇంటికొచ్చింది.
దొంగతనమే, ఒప్పుకుంటా.
సగం పుటలు ఖాళీ.
గ్రామం, రైతు పేరు, పశువు రంగు, చెవిపోగు నంబరు...
అచ్చు గళ్ళు అట్లే ఉంచి
పైన పెన్సిలుతో రాసుకున్నా:
సభ్యుడు, తేదీ, బిల్లు, ఔనన్నాడా.

పలమనేరు సంత వెనక సందులో
ముప్పైరెండేళ్ళు సూది పట్టిన చెయ్యి ఇది.
ఎనుము కడుపులో దూడ అడ్డం తిరిగితే
మోచేతి దాకా దూర్చి
ఏది కాలో ఏది తలో చీకట్లోనే చెప్పేవాణ్ణి.
అసెంబ్లీలో ఎవరు ఎటు తిరిగారో కనుక్కోడం
అంతకంటే కష్టమా అనుకున్నా.

సమాచార హక్కు కింద పదిరూపాయల స్టాంపు అంటించి అడిగా.
పశువుల్ని హింసిస్తే శిక్ష పెంచే సవరణకి
మా జిల్లా వాళ్ళు ఎవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు?
నలభై ఒకటో రోజు జవాబు:
"సదరు బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదించబడినది.
సభ్యులవారీ వివరములు ఈ కార్యాలయమునందు లేవు."

మూజువాణి.
ఆ మాటను ఒక పూటంతా నెమరేశా.
నూటికి పైగా నోళ్ళు, ఒక్క శబ్దం,
ఏ నోరు ఎవరిదో రాసేవాడు లేడు.
సంతలో వందావులు అరుస్తున్నా
తల్లి కూత దూడకు తెలుస్తుంది.

దళారి ఖాజామొహిద్దీన్ నవ్వాడు:
"మేమూ తువ్వాలు కిందే బేరం చేస్తాం సార్.
కానీ ఏ వేలు పట్టుకున్నామో ఇద్దరికైనా తెలుస్తాది.
ఆడ తువ్వాలే పెద్దది."

గళ్ళు ఖాళీగా వదిలే అలవాటు నాకు లేదు.
చూసిందీ విన్నదీ రాశా.

మొగిలి ఘాటు దగ్గర ఎనిమిదికి చోటున్న లారీలో
ఇరవైరెండు గొడ్లు దొరికిన రాత్రి
స్టేషనుకు ఫోను చేసి వదిలించింది మా సభ్యుడేనని
రైటరు చెంగల్రాయులు చెప్పాడు,
టీ గ్లాసు అడ్డం పెట్టుకుని.
కరువేడు ఊరి గొడ్లన్నిటికీ
సొంత బోరునీళ్ళతో తొట్లు నింపించిందీ ఈయనే.
మంచికో గడి, చెడ్డకో గడి గీసి ఉంటే బాగుండేది.
ఒక్కటే గీశా.

పక్క నియోజకవర్గం ఆమె,
రాగిచేను చుట్టూ కట్టిన కరెంటు తీగకి
ఆడ ఏనుగు పడిపోయిన పొద్దున
పసుపు చల్లి మొక్కి ఫొటో దిగి వెళ్ళింది.
తీగల మీద చర్చ వచ్చిన నాడు సభలో లేదు.
రెండు పంటలు ఏనుగుల కాళ్ళ కింద పోగొట్టుకున్న దొరస్వామి
జీపులో తల దించుకుని కూర్చున్నాడు.
ఆయన్ని ఏ ఎన్నికలో ఓడించాలి?

చంద్రగిరి వైపు, కొమ్ములకు పలకలు కట్టి ఎద్దుల్ని వదిలేచోట
కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ముగ్గురు, మూడు పార్టీలు.
ఏడాదికి ఆ ఒక్కరోజే వాళ్ళు ఒకే వేదిక ఎక్కేది.
సాయంత్రం ఆ ఎద్దు తోక మొదట్లో
ఏడు కుట్లు వేసింది నేను.

మొన్న ఓట్లకొచ్చి మా సభ్యుడు
అరుగు మీది పుస్తకం చూసి, "ఏంది సామీ ఇది?" అన్నాడు.
"టీకాల రిజిస్టరు సార్.
మీకింకా పడలేదు."
అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, ఆఖర్న.

వాళ్ళ మైకు వీధి మలుపు తిరిగాక
చివరి పుట తీశా.
ఆ మొగిలి లారీకి,
పశువులన్నీ ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నవని
ఒక కాగితం ఉండింది.
దాని మీద సంతకం నాది.
ఆ రాత్రి నేను టార్చి కూడా వెయ్యలేదు.

నా పేరు రాశా, తేదీ రాశా.
చెవిపోగు నంబరు గడి మాత్రం
అట్లే ఉండాది.